కెబెక్ వెళ్లే ముందు: పారిస్ ఉచ్చారణతోనే సరిపెట్టుకోవాలా, అక్కడి యాస పట్టుకోవాలా?

#1 నర్సు_శరణ్య (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే కెబెక్ ప్రావిన్స్‌లోని షికూతిమీ అనే ఊళ్లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సుగా చేరబోతున్నాను. ఫ్రెంచి బీ2 స్థాయి (మధ్యస్థంలో పై మెట్టు) వరకు ఇక్కడే చదివాను. పుస్తకాలు, ఆడియోలు, మాకు చెప్పినవారి ఉచ్చారణ అన్నీ పారిస్ పద్ధతే. ఇప్పుడు రోజూ కెబెక్ రేడియో వింటున్నాను. వార్తలు చాలావరకు అర్థమవుతున్నాయి. శ్రోతలు ఫోను చేసి మాట్లాడే కార్యక్రమం పెడితే మాత్రం ఇది నేను చదివిన భాషేనా అనిపిస్తోంది.

వినగా వినగా అర్థం కావడం ఎలాగూ వస్తుంది, దాని గురించి బెంగ లేదు. నేను మాట్లాడే తీరు కూడా మార్చుకోవాలా అన్నదే సందేహం. పారిస్ ఉచ్చారణ ఎక్కడైనా చెల్లుతుంది, చేతులారా పాడుచేసుకోవద్దని కొందరు స్నేహితులు అంటున్నారు. పల్లెటూరి ముసలివాళ్ల ముందు అలా మాట్లాడితే దొరసాని వచ్చిందనుకుంటారని మరికొందరు. అక్కడ ఉన్నవారు, ఫ్రెంచి మాట్లాడే ఇతర దేశాల్లో ఉన్నవారు మీ అనుభవం చెప్పండి.

#2 రవికిరణ్_మాంట్రియల్

శుభాకాంక్షలు శరణ్య గారూ. నా సలహా ఒక్కటే: యాస సంగతి వదిలేసి ముందు మాటలు మార్చుకోండి.

ఫ్రాన్స్‌లో 'దేజ్యునే' అంటే మధ్యాహ్న భోజనం, 'దీనే' అంటే రాత్రి భోజనం. కెబెక్‌లో దేజ్యునే పొద్దుటి ఫలహారం, దీనే మధ్యాహ్న భోజనం, రాత్రి తినేది 'సూపే'. డ్యూటీ దిగిపోతున్న నర్సు "ఈ మాత్ర దీనేకు ముందు ఇవ్వాలి" అని చెప్పి వెళ్లిందనుకోండి. మీ పుస్తకం ప్రకారం పోతే ఆ మాత్ర సాయంత్రానికి గాని పెద్దాయన నోట్లో పడదు. ఇంతకంటే ముఖ్యమైన పాఠం ఏదీ లేదు, కానీ ఇక్కడికి బయల్దేరే చాలామందికి దీన్ని ఎవరూ చెప్పరు.

మీ పనిలో రోజూ తగిలేవి ఇంకొన్ని. రోగికి తొడిగే గౌనును 'జాకెత్' అంటారు. ముఖం తుడిచే చిన్న తువ్వాలు 'దెబార్బుయెత్'. 'బా' అంటే మేజోళ్లు. 'షోద్యేర్' అంటే బకెట్టు, ఫ్రాన్స్‌లో అదే మాటకు బాయిలర్ అని అర్థం. తలుపు తాళం వేయమనడానికి 'బారె' అంటారు. ఎవరైనా "జ ఫీల్ పా" అంటే ఒంట్లో బాగాలేదని. ఇది ఇంగ్లీషు నుంచి దిగిన క్రియ, ఏ పారిస్ పుస్తకంలోనూ కనిపించదు.

ఇక ఉచ్చారణ. పాత తరం వాళ్లు 'మువా' (నేను), 'తువా' (నువ్వు) అనాల్సిన చోట 'మోయె', 'తోయె' అంటారు, 'ఇసీ' (ఇక్కడ) అనాల్సిన చోట 'ఇసిత్' అంటారు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఆ మాటలు పలికితే చనువుగా వినిపించదు, వెక్కిరింపుగా వినిపిస్తుంది. మా ఆఫీసులో లియోఁ నుంచి వచ్చిన ఒక ఫ్రెంచి అబ్బాయి చేరిన కొత్తలోనే భోజనాల బల్ల దగ్గర 'మోయె' అంటూ మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు గాని, బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. తెల్ల ఫ్రెంచివాడి పరిస్థితే అదైతే మన సంగతి చెప్పాలా!

#3 ఫ్రెంచి_మాస్టారు (విజయవాడ)

రవికిరణ్ గారు మాటల గురించి చెప్పినదానితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. యాస గురించి చెప్పినదానిలో సగమే ఒప్పుకుంటాను.

అమ్మా శరణ్యా, 'కెబెక్ యాస' అని మనం ఒకే మాటలో అనేస్తాం గాని అందులో పొరలున్నాయి. 1977లో, ఫ్రెంచి భాషా శాసనం వచ్చిన ఏడాదే, కెబెక్ ఫ్రెంచి అధ్యాపకుల సంఘం ఒక తీర్మానం చేసింది. కెబెక్‌లో ఫ్రెంచి మాట్లాడేవారిలో ఎక్కువమంది లాంఛనమైన సందర్భాల్లో వాడటానికి మొగ్గు చూపే, సమాజంలో గౌరవం ఉన్న ఫ్రెంచే ఇక్కడి ప్రామాణికం అని దాని సారాంశం. అంటే ప్రామాణికం పారిస్‌లో ఉండదు, వీధి చివరి దుకాణంలోనూ ఉండదు. రేడియో కెనడా వార్తలు చదివేవారి నోట వినిపించేది దానికి మంచి నమూనా.

ఆ వార్తలు జాగ్రత్తగా వినండి. 'త్యు' (నువ్వు) అనాల్సిన చోట 'ౘు' అనీ, 'దిమాఁష్' (ఆదివారం) అనాల్సిన చోట 'ౙిమాఁష్' అనీ వినిపిస్తుంది. 'ఇ' ముందు, పెదవులు గుండ్రం చేసి పలికే ఫ్రెంచి 'ఉ' ముందు త, ద అలా మారతాయి. మంత్రులూ ప్రొఫెసర్లూ కూడా ఇలాగే పలుకుతారు, దీనికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు. అదే 'పేర్' (తండ్రి) అన్న మాటను సాగదీసి 'పాఎర్' అనడం, వార్తలు చదివేటప్పుడు తగ్గించుకుంటారు. 'మోయె' అయితే ఇంటి గుమ్మం దాటి స్టూడియోలోకి రాదు. కాబట్టి పై పొర తీసుకుంటే ఎవరినీ వెక్కిరించినట్టు కాదు, లోపలి పొరలు మాత్రం ఆ ఊరివాళ్ల సొంతం.

మనకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చలి, చాప, చుక్క అనేటప్పుడు మనం పలికే దంత్య చకారం, జడ, జున్ను అనేటప్పటి దంత్య జకారం సరిగ్గా ఆ కెబెక్ శబ్దాలే. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. తెలుగులో అ, ఉ, ఒల ముందే దంత్యం పలుకుతాం. ఇ, ఎల ముందు తాలవ్యం, అంటే చిలుక, చెట్టు. కెబెక్‌లో దంత్యం వచ్చేది 'ఇ' ముందే. అందుకని మన పిల్లలు 'పెతి' (చిన్న) అనే మాటను కెబెక్ పద్ధతిలో 'పెౘి' అనబోయి 'పెచి' అంటారు. వినేవాళ్లకు అది కెబెక్ కాదు, పారిస్ కాదు, మరేదో.

చివరిగా, ఏ దేశానికి వెళ్లినా ముందు చేయాల్సిన పని 'ట'ను వదిలించుకోవడం. మనం ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచికి వస్తాం కాబట్టి 'టేబుల్'లో ట అనే అలవాటు ఫ్రెంచి 'తాబ్ల్'లోకి కూడా దూరుతుంది. ఫ్రెంచిలో ఉన్నది మన 'త' కారమే.

#4 నర్సు_శరణ్య

మాస్టారూ, ఇప్పుడే అద్దం ముందు నిలబడి ప్రయత్నించాను. నిజంగానే 'పెచి' వచ్చింది. ఊరి పేరు కూడా అంతేనా? రేడియోలో 'షికూౘిమీ' అని వినిపిస్తే తప్పుగా విన్నాననుకున్నాను.

#5 ఫ్రెంచి_మాస్టారు (విజయవాడ)

సరిగ్గానే విన్నావు. 'ఇ' ముందు 'త' ఉంది కదా.

#6 వినయ్_తులూజ్

ఫ్రాన్స్ దక్షిణం నుంచి ఒక మాట. ఇక్కడ విమాన పరిశ్రమలో పనిచేస్తున్నాను. ఈ ఊళ్లో పాత ఆక్సితాన్ భాష ప్రభావం ఇంకా నోళ్లలో ఉంది. పారిస్‌లో మింగేసే చివరి అచ్చును ఇక్కడ పలుకుతారు. పారిస్ 'పెతీత్' ఇక్కడ 'పెతీతె'. 'పేఁ' అన్న రొట్టె 'పేంగ్' అవుతుంది.

మన తెలుగువాళ్లు ప్రతి మాటకూ చివర ఒక అచ్చు తగిలిస్తారని తరగతుల్లో తిట్లు తింటారు చూడండి, అది ఇక్కడ లోపంగా వినిపించదు. మొదట్లో మా బృందంలోని ఒక పెద్దావిడ నేను మాట్లాడుతుంటే నవ్వి, నువ్వు మా వైపువాడిలా ఉన్నావే అంది. నేను కావాలని చేసింది కాదు, తెలుగు నోరు చేసిన పని.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన మా సహోద్యోగి ఒకడు పారిస్‌లో ఇంటర్వ్యూకు వెళ్లే ముందు డబ్బు కట్టి మరీ తన దక్షిణాది యాస తగ్గించుకునే శిక్షణ తీసుకున్నాడు. 2020లో జాఁ కాస్తెక్స్ ప్రధాని అయినప్పుడు ఆయన విధానాల కంటే ముందు ఆయన గాస్కోనీ (నైరుతి ఫ్రాన్స్) యాస మీద జోకులు వచ్చాయి. అదే ఏడాది నవంబరు 26న యాస ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధించే బిల్లును జాతీయ అసెంబ్లీ 98-3 ఓట్లతో తొలి పఠనంలో ఆమోదించింది. అది ఇప్పటికీ చట్టం కాలేదు. ఫ్రాన్స్‌లో యాస అంటే ఇంత రాజకీయం. అందుకే నాలాంటి విదేశీయుడు ఏ యాస ఎంచుకున్నా పూర్తిగా తటస్థంగా ఉండలేడు. పారిస్ పద్ధతి పలికితే ఇక్కడివాళ్లకు కాస్త ఎత్తు నుంచి మాట్లాడినట్టు, ఇక్కడి పద్ధతి పలికితే పారిస్‌వాళ్లకు వినోదం.

నేనైతే తులూజ్ అచ్చులు ఉంచుకున్నాను, ముక్కుతో పలికేవి మాత్రం పారిస్ పద్ధతే. కలగాపులగమని నాకూ తెలుసు. చాక్లెట్ పెట్టిన ఆ రొట్టెను మాత్రం 'షొకొలతీన్' అనే ఇక్కడి పేరుతోనే పిలుస్తాను, లేకపోతే బేకరీలో ఉపన్యాసం వినాల్సి వస్తుంది.

#7 కొండపల్లి_బొమ్మ (హైదరాబాద్)

అందరూ బాగా చెబుతున్నారు గాని నాకు మూలంలోనే పేచీ ఉంది. 'యాస పట్టుకోవాలా' అనడంలోనే పారిస్‌ది యాస కాదు, మిగతావన్నీ యాసలు అనే భావం ఉంది. మనకు ముందు అంటించినది పారిస్ కాబట్టి దాన్ని సహజం అంటున్నాం. అదీ ఎవరిదో యాసే కదా. అందులో కూడా పాత నాలుగు అనునాసికాచ్చుల్లో (ముక్కుతో పలికే అచ్చుల్లో) ఒకటి దాదాపు పోయింది. 'బ్రేఁ', 'బ్రుఁ' రెండింటినీ పారిస్ ఒకేలా పలుకుతుంది. కెబెక్, బెల్జియం ఇప్పటికీ వేరుగా పలుకుతున్నాయి. మరి ఎవరిది చెడిన ఫ్రెంచి?

ఇక పట్టుకోవడం సంగతి. మన సినిమాల్లో వేరే ప్రాంతం నటుడు నెల రోజులు నేర్చుకుని తెలంగాణ యాస మాట్లాడితే ఆ ప్రాంతంవాళ్లకు ఎలా ఉంటుందో తెలిసిందే. అంతా ఉంటుంది, లోపల మనిషి ఉండడు. శరణ్య గారు తన తెలుగు యాసతోనే ఫ్రెంచి మాట్లాడితే నష్టమేమిటి? ఏ పక్కకూ వేషం వేయక్కరలేదు.

#8 నిర్వాహకుడు

చర్చ బాగుంది. ఆంధ్ర, తెలంగాణ యాసల పోలిక ఇక్కడితో చాలు. దానికి వేరే చర్చా దారం ఉంది, అక్కడ ఇప్పటికే చాలా రక్తం కారింది.

#9 సుధాకర్_అబిజాన్

ఐవరీ కోస్ట్ నుంచి రాస్తున్నాను, మందుల అమ్మకాల పని. చర్చంతా పారిస్, కెబెక్, తులూజ్ అంటూ తెల్లవాళ్ల చుట్టూనే తిరుగుతోంది. ప్రపంచంలో ఫ్రెంచి మాట్లాడేవారు 32 కోట్లకు పైగా ఉన్నారని అంతర్జాతీయ ఫ్రాంకోఫోనీ సంస్థ 2022లో లెక్కకట్టింది. రోజూ ఈ భాష వాడేవారిలో సగానికి పైగా ఆఫ్రికాలోనే ఉన్నారు.

అబిజాన్‌లో చాలామంది పిల్లలకు ఇంటి భాష ఫ్రెంచే. అయితే అది ఇక్కడి ఫ్రెంచి. పలకరింపు "ఓఁ ది క్వా?" (ఏమిటి సంగతులు?). భోజనం చేసేది 'మాకీ'లో. పారిస్‌లో కొంతకాలం ఉండి వచ్చి గొంతులోంచి 'ర' పలుకుతూ తిరిగే ఐవరీ అబ్బాయికి ఇక్కడ ఒక ముద్ర ఉంది, వాడిది 'చోకోబి' అంటారు. పారిస్ యాస పెట్టుకుని డాబు పోయేవాడన్నమాట. సొంత ఊరివాడినే వదలనివాళ్లు నన్ను వదులుతారా? అందుకే నేను మొదటి నుంచీ మన 'ర'తోనే మాట్లాడుతున్నాను. డాక్టర్లు, దుకాణదారులు, గ్బాకా అనే చిన్న బస్సుల డ్రైవర్లు ఎవరూ రెండోసారి అడగలేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నూషీ అనే ఇక్కడి కుర్రకారు భాష చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. మాకీలో వాడితే చప్పట్లు కొడతారు, ఆసుపత్రి సూపరింటెండెంటు గదిలో వాడితే ఆర్డరు పోతుంది. మాస్టారు చెప్పిన పొరలు ఇక్కడా ఉన్నాయి.

#10 పద్మ_యానాం

'ర' గురించి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా ఊరు 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది. మా తాతగారు ఫ్రెంచి బడిలో చదివారు. ఆయన ఫ్రెంచిలో 'ర' నాలుక కొసతో మోగేది, మనం రాయి, రంపం అన్నట్టే. పుదుచ్చేరి నుంచి వచ్చే ఫ్రెంచి అధికారులతో ఆయన గంటలు గంటలు మాట్లాడటం మా అమ్మ చూసింది. ఎప్పుడూ ఇబ్బంది రాలేదట. ఇప్పుడు మా అమ్మాయి యాప్‌లో ఫ్రెంచి నేర్చుకుంటూ గొంతు గరగరలాడిస్తుంటే ముత్తాత విని ఉంటే ఏమనేవారో అనుకుంటాను.

#11 ఫ్రెంచి_మాస్టారు (విజయవాడ)

పద్మ గారూ, మీ తాతగారి 'ర' తప్పేమీ కాదు. ఫ్రాన్స్ పల్లెల్లో కూడా నాలుక కొసతో పలికే 'ర' చాలాకాలం ఉంది. మాంట్రియల్‌లో అయితే ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు అదే మామూలు, తర్వాతి తరాలు గొంతు 'ర'కు మారాయి. కాబట్టి శరణ్య చూసుకునే ఎనభై, తొంభై ఏళ్లవారిలో మాంట్రియల్ వైపు నుంచి వచ్చినవారెవరైనా ఉంటే మన 'ర' వినిపించినా ఆశ్చర్యం లేదు.

కొండపల్లి బొమ్మ గారికి: తెలుగు యాసతో మాట్లాడితే నష్టం లేదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. ఐరోపా మండలి భాషా స్థాయిల చట్రానికి 2018లో వచ్చిన అనుబంధంలో ఉచ్చారణ కొలమానాన్నే తిరగరాశారు. బీ2కు పైనున్న సీ1 స్థాయిలో కూడా మాతృభాష యాస జాడలు ఉండవచ్చు, మాట స్పష్టంగా అందితే చాలు అని ఉంది. కానీ 'స్పష్టంగా అందడం' ఎవరికి? ఎదుటి మనిషికి. ఆ మనిషి షికూతిమీలో ఉంటే కొలత షికూతిమీలోనే తీయాలి.

#12 మాధవి_లోజాన్

స్విట్జర్లాండ్ నుంచి చిన్న మాట. ఇక్కడ యాస కంటే అంకెలు ముఖ్యం. డెబ్బై 'సెప్తాఁత్', తొంభై 'నోనాఁత్'. మా వో కాంటన్‌లో (రాష్ట్రం లాంటిది) ఎనభై 'విత్తాఁత్', గంటలోపు రైలు ప్రయాణం చేసి జెనీవా వెళితే మళ్లీ 'కాత్ర్ వేఁ', అంటే నాలుగు ఇరవైలు. బెల్జియంవాళ్లకు సెప్తాఁత్, నోనాఁత్ ఉన్నాయి, ఎనభైకి మాత్రం ఫ్రాన్స్ పద్ధతే. ఒకప్పటి బెల్జియం వలస అయిన కాంగోలో కూడా డెబ్బై, తొంభై ఇలాగే లెక్కపెడతారు. నేను ఈ అంకెలు మార్చుకున్నాను, ఉచ్చారణ మార్చుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా. కెబెక్‌లో అంకెలు ఫ్రాన్స్‌వే కాబట్టి శరణ్య గారికి ఆ బాధ లేదు.

#13 అనిత_షెర్‌బ్రూక్

ఆలస్యంగా చూశాను. నేనూ నర్సునే, కెబెక్‌లోనే, శరణ్య గారు చేయబోయే పనే చేస్తున్నాను. 'యాస జోలికి పోవద్దు' అన్న మాట కంప్యూటర్ ముందు కూర్చునేవారికి సరిపోతుంది రవికిరణ్ గారూ. మా దగ్గర సరిపోదు.

వినికిడి తగ్గిన పెద్దావిడకు మనం మాట్లాడే ప్రతి మాటా ఊహించి అందుకోవాల్సిందే. ఆమె చెవి జీవితమంతా ఒకే రకం ఫ్రెంచికి అలవాటుపడింది. మనం పలికే అచ్చు ఆమె అనుకున్న చోట పడకపోతే మాట మొత్తం జారిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ముక్కుతో పలికే అచ్చులు. 'బేఁ' అంటే స్నానం, 'బాఁ' అంటే కూర్చునే బల్ల. మేము రోజుకు ఎన్నిసార్లు స్నానం అనే మాట వాడతామో లెక్కలేదు. ఇప్పటి పారిస్‌వాళ్లు 'బేఁ'ని నోరు బాగా తెరిచి, దాదాపు 'బాఁ' లాగా పలుకుతారు. కెబెక్‌వాళ్లు 'బేఁ'ని 'బేఁయ్' అన్నట్టు ముందుకు, మూసి పలుకుతారు. వాళ్ల 'బాఁ' ఏమో పారిస్‌వాళ్ల 'బేఁ'కు దగ్గరగా వస్తుంది. చూశారా తిరకాసు! బల్ల మీద కూర్చుంటానని ఆవిడ అంటే పారిస్ చెవితో మీరు స్నానం అని వింటారు. స్నానం చేద్దాం రండి అని పారిస్ నోటితో మీరంటే ఆవిడ బల్ల కోసం చుట్టూ చూస్తుంది.

ఇక్కడ మార్చుకోవడం అంటే వేషం కాదు, పని జరగడం. నేను ఆ రెండు అచ్చులూ కూర్చుని నేర్చుకున్నాను. 'ౘు', 'ౙి' వాటంతట అవే వచ్చాయి. 'మోయె' ఇంతవరకు అనలేదు, అనబోను.

ఇంకో సంగతి, 'మీరు', 'నువ్వు'. కెబెక్‌లో తోటి ఉద్యోగులతో, దుకాణాల్లో 'త్యు' చాలా త్వరగా వస్తుంది. అది చూసి వృద్ధులను కూడా నువ్వు అనేయకండి. మా కేంద్రంలో వాళ్లంతట వాళ్లు నువ్వు అనమనే దాకా 'వూ' అనే అంటాం. ఒకావిడ తన మనవడి వయసు సహాయకుడు 'త్యు' అన్నాడని రెండు రోజులు మందు తీసుకోలేదు.

#14 రవికిరణ్_మాంట్రియల్

అనిత గారూ, ఆ బేఁ, బాఁల సంగతి నాకు తట్టలేదు. మాంట్రియల్‌లో నా యాస వినగానే ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు కాబట్టి ఆ పరీక్ష నాకు ఎదురుకాలేదు. షికూతిమీ ఉన్న సాగ్‌నే వైపు ఆ వెసులుబాటు ఉండదు, అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవారు తక్కువ. అయినా నా పాత మాటలో ఒక భాగం మీద నిలబడతాను: ఇది అర్థం కావడం కోసం చేయాల్సిన సర్దుబాటు. తమలో ఒకడిగా కనిపించాలన్న ఆశతో చేసేది వేరు. రెండోదాని జోలికి పోవద్దనే నేనన్నది.

#15 కొండపల్లి_బొమ్మ (హైదరాబాద్)

ఆ గీత అంత సులువుగా గీయలేరు రవికిరణ్ గారూ. ఐదేళ్లు అక్కడ ఉన్నాక ఆవిడ పిల్లలు బడి నుంచి కెబెక్ ఫ్రెంచి తెచ్చి ఇంట్లో మాట్లాడతారు. అప్పుడు ఆవిడ నోట 'మోయె' దొర్లితే అది ఆశా, అర్థం కావడమా, అనుకరణా? అప్పటికి అది ఆవిడదే అవుతుంది. ఆ రోజు కూడా బల్ల చుట్టూ మాటలు ఆగిపోతే తప్పు ఆవిడది కాదు.

#16 రవికిరణ్_మాంట్రియల్

ఐదేళ్ల తర్వాత దొర్లడం వేరు, విమానం దిగగానే తెచ్చిపెట్టుకోవడం వేరు. మొదటిదానికి నాకు అభ్యంతరం లేదు. అయితే మా అమ్మాయి ఇప్పటికే నా ఫ్రెంచిని సరిదిద్దుతోంది, కాబట్టి నా తీర్పుకు విలువ ఎంతో మీరే చెప్పాలి.

#17 లక్ష్మి_మారిషస్

మా ముత్తాతలు చెరకు తోటలకు వచ్చిన తెలుగువాళ్లు. మా ఇంట్లో క్రియోల్, బడిలో ఫ్రెంచి, ఇంగ్లీషు, పండుగకు తెలుగు. ఇక్కడికి వచ్చే కొందరు చుట్టూ వినిపించేదాన్ని మారిషస్ ఫ్రెంచి యాస అనుకుని 'జొలీ' (అందమైన)లోని 'జ'ను ఇంగ్లీషు z లాగా పలుకుతారు, 'షా' (పిల్లి)ను 'సా' అంటారు. అది క్రియోల్ అనే వేరే భాష, ఫ్రెంచికి యాస కాదు. ఫ్రెంచి మాట్లాడుతూ మధ్యలో అలా పలికితే మా అమ్మమ్మ చదువు రానివాడు అనుకుంటుంది, మా తమ్ముడు వెక్కిరిస్తున్నాడు అనుకుంటాడు. అనుకరించే ముందు, విన్నది ఏ భాషో తెలుసుకోవాలి.

#18 వినయ్_తులూజ్

అనిత గారు చెప్పిన అచ్చుల తిరకాసు వల్ల నాకొక విషయం తెలిసివచ్చింది. మా ఆఫీసుకు మాంట్రియల్ నుంచి వచ్చే ఇంజనీర్లు 'వాఁ' (గాలి) అంటే మేము 'వేఁ' (ద్రాక్షసారా) అని విని తికమకపడేవాళ్లం. విమానం రెక్క మీద గాలి ఒత్తిడి గురించిన సమావేశంలో అది ఎంత సరదాగా ఉంటుందో ఊహించండి.

#19 నర్సు_శరణ్య

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

భోజనాల పేర్లు, వార్డు మాటలు ఇప్పుడే రాసిపెట్టుకుంటున్నాను. బేఁ, బాఁ, వేఁ, వాఁ జతలు సాధన చేస్తాను. 'ౘి', 'ౙి' ప్రయత్నిస్తాను, రాకపోతే పారిస్ 'తి' తోనే సరిపెట్టుకుంటాను. 'మోయె' జోలికి పోను. బొమ్మ గారూ, ఐదేళ్ల తర్వాత సంగతి ఐదేళ్ల తర్వాత చూద్దాం.

రెండు సందేహాలు మిగిలాయి. ఈ అచ్చుల జతలు సాధన చేయడానికి నమ్మదగిన చోటు ఏది? లైసెన్సు కోసం ఫ్రెంచి పరీక్ష ఉంటుందన్నారు, అందులో యాస చూస్తారా?

#20 ఫ్రెంచి_మాస్టారు (విజయవాడ)

మాటలకు షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం వారి 'ఉజితో' నిఘంటువు వాడుకో. కెబెక్ వాడుకను ఆధారం చేసుకుని తయారుచేసినది, 2019 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితం. ఏ మాట కెబెక్‌ది, ఏది ఫ్రాన్స్‌ది, ఏది మాట్లాడేటప్పుడే చెల్లుతుంది అనేవి గుర్తులు పెట్టి చెబుతుంది. వినడానికి రేడియో కెనడా యాప్ 'ఓదియో'. ముందు వార్తలు, తర్వాత ఇంటర్వ్యూలు, ఆ తర్వాతే ఫోను కార్యక్రమాలు.

సాధన ఇలా చెయ్. వార్తల్లో ఒక నిమిషం ముక్క తీసుకో. అనునాసికం వచ్చిన ప్రతి మాట దగ్గరా ఆపి, రాతలో చూసుకుని, మళ్లీ విని, నీ గొంతు ఫోనులో రికార్డు చేసి పక్కపక్కన పెట్టి విను. తెలుగులో అరసున్న ఎలాగూ ఉంది కాబట్టి రాసుకోవడానికి తెలుగు లిపే వాడు, రోమన్ లిపి చూస్తే మళ్లీ ఇంగ్లీషు అచ్చులు వచ్చేస్తాయి. 'ౘి' కోసం ముందు 'చాప' అను, నాలుక ఎక్కడ తగిలిందో గమనించు, దాన్ని అక్కడే పట్టుకుని 'ఇ' అను. నాలుక వెనక్కి జారిందా, 'చి' అవుతుంది.

#21 అనిత_షెర్‌బ్రూక్

పరీక్ష గురించి. కెబెక్‌లో నర్సులు, ఇంజనీర్లు, ఇంకా కొన్ని వృత్తుల సంఘాల్లో చేరేవారికి వృత్తికి తగిన ఫ్రెంచి రావాలని భాషా శాసనంలోనే ఉంది. బయట చదివినవారికి ఆ పరీక్ష పెట్టేది కెబెక్ ఫ్రెంచి భాషా కార్యాలయం. వృత్తి సందర్భాలే ఉంటాయి: రోగితో మాట్లాడటం, సహోద్యోగికి కేసు అప్పగించడం, నివేదిక చదవడం, రాయడం. మీరు ఏ యాసలో మాట్లాడినా మాట అందాలి, వినే భాగంలో మాత్రం ఇక్కడి గొంతులే వినాల్సి వస్తుందని సిద్ధపడి వెళ్లండి. కొత్తవాళ్లు సాధారణంగా రాత భాగాన్ని తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే ఎక్కువ కష్టపడతారు. నివేదిక రాసే పద్ధతి గురించి వేరే దారం తెరవండి, నా దగ్గరున్న నమూనాలు పేర్లు తీసేసి అక్కడ పెడతాను.

#22 నర్సు_శరణ్య

తెరిచాను అక్కా, 'నర్సు నివేదికలు, ఫ్రెంచిలో' అన్న పేరుతో.